ఏ.పి. హెర్బర్ట్ విడాకుల బిల్లు ఎలా గట్టెక్కింది?

అడిగిన ప్రశ్న ఇది: ఏ పార్టీకీ చెందని ఒక హాస్య రచయిత 1935లో బ్రిటిష్ పార్లమెంటులో అడుగుపెట్టి, రెండేళ్లు నిండకుండానే ఇంగ్లండు విడాకుల చట్టాన్ని ఎలా మార్పించగలిగాడు? అంతకుముందు పాతికేళ్లుగా న్యాయమూర్తుల వల్ల, మాజీ లార్డ్ చాన్సలర్ (అక్కడి న్యాయవ్యవస్థకు పెద్ద) వల్ల కూడా కానిది ఆయన వల్ల ఎలా అయింది?

ఉపన్యాసాల బలంతో మాత్రం కాదు. హెర్బర్ట్ మంచి మాటకారే. కానీ ఆ రోజుల్లో కామన్స్ సభలో (పార్లమెంటు దిగువ సభలో) ప్రైవేటు సభ్యుడి బిల్లు, అంటే మంత్రి కాని సభ్యుడు సొంతంగా పెట్టే బిల్లు, చచ్చిపోయేది ఎక్కువగా గడియారం వల్ల; ఓటింగు దాకా వచ్చి ఓడిపోయినవి తక్కువ. ఆయన చేసిన అసలు పనల్లా ఆ గడియారం లెక్క నేర్చుకోవడం, ఎదుటివాళ్లు అడగబోయే రాయితీలను ముందే బిల్లులో రాసి పెట్టుకోవడం.

ముందు చట్టం ఎలా ఉండేదో చూస్తే మిగతాది అర్థమవుతుంది. 1857 చట్టంతో ఇంగ్లండులో విడాకులు కోర్టు చేతికి వచ్చాయి. భార్య వ్యభిచారం చేసిందని రుజువు చేస్తే భర్తకు చాలు. భార్యకు మాత్రం భర్త వ్యభిచారం ఒక్కటే చాలదు. దానికి తోడు క్రూరత్వమో, రెండేళ్లు విడిచిపెట్టి పోవడమో, మరో ఘోరమో చూపించాలి. ఈ తేడాను 1923లో తీసేశారు. అదీ ఒక ప్రైవేటు సభ్యుడి బిల్లే. దాంతో ఇద్దరికీ సమానత్వం వచ్చింది గానీ, దారి మాత్రం ఒక్కటే మిగిలింది: వ్యభిచారం. భర్త పదేళ్ల కిందట ఇల్లు వదిలి పోయినా, రోజూ కొట్టినా, పిచ్చాసుపత్రిలో ఇరవై ఏళ్లుగా ఉన్నా, పెళ్లి పెళ్లే.

కాబట్టి విడిపోవాలనుకున్న మామూలు దంపతులు ఒక నాటకం ఆడేవాళ్లు. దీన్ని 'హోటల్ సాక్ష్యం' అనేవారు. సాధారణంగా భర్తే తప్పు నెత్తిన వేసుకునేవాడు. సముద్రపు ఒడ్డున ఏదో ఊళ్లో హోటల్ గది తీసుకోవడం, డబ్బిచ్చి ఒక స్త్రీని వెంట తీసుకెళ్లడం, రాత్రంతా పేకాడుకుంటూ కూర్చున్నా సరే, పొద్దున టీ తెచ్చే పనిమనిషి వచ్చేసరికి ఇద్దరూ ఒకే మంచం మీద కనిపించడం. ఆ తర్వాత హోటల్ బిల్లు ఎలాగోలా భార్య చేతికి చేరాలి. ఆమె లాయరు పనిమనిషిని సాక్షిగా పిలిపిస్తాడు. కోర్టు డిక్రీ నైసై ఇస్తుంది, అంటే తాత్కాలిక డిక్రీ. ఆరు నెలలు ఆగితే అది ఖాయమవుతుంది.

ఆ ఆరు నెలలే ప్రమాదం. కింగ్స్ ప్రాక్టర్ అనే ప్రభుత్వ న్యాయాధికారి ఉండేవాడు. దంపతులు కుమ్మక్కయ్యారని గానీ, పిటిషన్ వేసిన భార్యకు కూడా వేరే సంబంధం ఉండి దాన్ని దాచిందని గానీ ఆయనకు ఆకాశరామన్న ఉత్తరం వస్తే, విచారణ జరిపి డిక్రీ రద్దు చేయించగలడు. తన తప్పు కూడా ఉంటే పిటిషనర్ దాన్ని ముందుగానే రాతపూర్వకంగా కోర్టుకు ఒప్పుకుని, న్యాయమూర్తి దయ కోరాలి. మొత్తం మీద లెక్క ఇలా తేలింది: ఒకరు తప్పు చేస్తే విడాకులు వస్తాయి, ఇద్దరూ చేస్తే రావు, ఎవరూ చేయకపోతే అసలే రావు. హెర్బర్ట్ 1934లో రాసిన నవల ఒకటి ఈ తంతు మీదే. ఎన్నికలకు ముందే ఆ పుస్తకం చదువరుల్లో విషయాన్ని నానబెట్టింది.

పరిష్కారం ఏమిటో తెలియక ఆగిపోయిన సమస్య కాదిది. 1909లో లార్డ్ గోరెల్ అధ్యక్షతన రాయల్ కమిషన్ వేశారు. 1912లో నివేదిక వచ్చింది. మూడేళ్ల పరిత్యాగం (విడిచిపెట్టి పోవడం), క్రూరత్వం, నయం కాని మతి భ్రమణం, నయం కాని తాగుడు, ఉరిశిక్ష తగ్గించి వేసిన ఖైదు, వీటిని కూడా కారణాలుగా చేర్చమని అందులోని మెజారిటీ చెప్పింది. యుద్ధం తర్వాత మాజీ లార్డ్ చాన్సలర్ బక్‌మాస్టర్ ప్రభువుల సభలో (ఎగువ సభలో) బిల్లులు పెట్టి నెగ్గించుకున్నాడు కూడా. కామన్స్‌లో మాత్రం అవి ముందుకు కదల్లేదు. ఏ ప్రభుత్వమూ దీన్ని తన బిల్లుగా తీసుకోలేదు. తీసుకుంటే అటు చర్చి, ఇటు కాథలిక్ ఓట్లు ఎక్కువగా ఉన్న నియోజకవర్గాలు. ఆ భయం కన్జర్వేటివ్‌లకు ఎంత ఉందో లేబర్‌కూ అంతే ఉంది. ఈ విషయంలో పార్టీలు మౌనంగా ఒకే మాట మీద ఉన్నాయి.

ఇక్కడే హెర్బర్ట్ గెలిచిన ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం సీటు పనికొచ్చింది. అప్పట్లో విశ్వవిద్యాలయాలకు ప్రత్యేక సీట్లు ఉండేవి (1950 దాకా సాగాయి). ఓటర్లు పట్టభద్రులు, ఓటు పోస్టులో. వీధి సభలు లేవు, ఇంటింటికీ తిరగడం లేదు. ఒక ఎన్నికల ప్రకటన పత్రం రాసి పంపడమే ప్రచారం. హెర్బర్ట్ దాన్ని చదివించేలా రాశాడు. వ్యవసాయం అనే శీర్షిక పెట్టి, దాని కింద తనకు వ్యవసాయం గురించి ఏమీ తెలియదని ఒప్పుకున్నాడు. రెండు సీట్లకు ప్రాధాన్యతా ఓట్ల పద్ధతి. మొదటి లెక్కింపులోనే గెలిచింది లార్డ్ హ్యూ సెసిల్, చర్చి పక్షాన గట్టిగా నిలబడే మనిషి. హెర్బర్ట్ మొదటి ప్రాధాన్యత ఓట్లతో కోటా చేరలేదు, బదిలీ ఓట్లతో చేరాడు. అధికారిక కన్జర్వేటివ్ అభ్యర్థుల్లో రెండోవాడు డిపాజిట్ కూడా పోగొట్టుకున్నాడు. మామూలు నియోజకవర్గంలో విడాకుల సంస్కరణ జెండా పట్టుకుని నిలబడిన స్వతంత్రుడికి ఇది జరిగేది కాదు. పోస్టు ఓటు, బదిలీ ఓటు, పార్టీ విప్ లేకపోవడం, ఈ మూడూ కలిసి ఒక విచిత్రమైన వెసులుబాటు ఇచ్చాయి.

ఇప్పుడు గడియారం సంగతి. ఆ రోజుల్లో సభ సమయంలో అత్యధిక భాగం ప్రభుత్వానిది. ప్రైవేటు సభ్యుల బిల్లులకు మిగిలేవి శుక్రవారాలు, అవీ కొన్నే. శుక్రవారం సభ పొద్దున 11 గంటలకు మొదలై, సాయంత్రం 4 గంటలకు చర్చ ఆగిపోయేది. ఆ నాలుగు గంటలు కొట్టే సమయానికి ఎవరైనా ఇంకా మాట్లాడుతూ ఉంటే బిల్లు వాయిదా పడుతుంది, అంటే దాదాపు చచ్చినట్టే. దీన్ని తప్పించాలంటే చర్చ ముగించమని తీర్మానం పెట్టాలి. దానికి మెజారిటీ ఒక్కటే చాలదు, అనుకూలంగా కనీసం 100 ఓట్లు పడాలి. శుక్రవారం మధ్యాహ్నం సభలో వందమందిని కూర్చోబెట్టడం అంటే మాటలు కాదు. చాలామంది ఎంపీలు అప్పటికే ఊళ్లకు రైలెక్కి ఉంటారు. మరో ఉచ్చు కోరం. 40 మంది లేరని ఎవరైనా లెక్క అడిగితే సభే ముగిసిపోయేది. ఇదంతా దాటినా, అసలు ఆ శుక్రవారం మీ చేతికి రావాలంటే ముందు చీటీల డ్రాలో పేరు పైన రావాలి. కింద వచ్చినవాళ్ల బిల్లులకు రెండో పఠనం (బిల్లు ఉద్దేశం మీద జరిగే మొదటి చర్చ, ఓటింగు) దాకా చేరే వీలే ఉండదు. పైగా ప్రభుత్వం ఒక తీర్మానం పెట్టి ఈ శుక్రవారాలన్నిటినీ తనే తీసేసుకోవచ్చు.

1935 డిసెంబరు 4న ప్రధాని బాల్డ్విన్ సరిగ్గా ఆ తీర్మానమే పెట్టాడు: క్రిస్మస్ వరకు ప్రైవేటు సభ్యులకు సమయం లేదని. కొత్త సభ్యుడు ఎవరైనా తొలి ప్రసంగం కొన్ని వారాలు ఆగి, ఎవరినీ నొప్పించకుండా చేయడం ఆనవాయితీ. హెర్బర్ట్ ఆ రోజే లేచి ప్రభుత్వ తీర్మానాన్ని వ్యతిరేకించాడు, తన దగ్గర వివాహ బిల్లు సిద్ధంగా ఉందని, ఈ పార్లమెంటు ముగిసేలోగా దాన్ని చట్టం చేయించి తీరతానని ప్రకటించాడు. చర్చిల్ ఆ ప్రసంగం మీద చేసిన చమత్కారం చాలాచోట్ల కనిపిస్తుంది: అందులో కన్యాసహజమైన సిగ్గేమీ లేదని. చమత్కారం కంటే విషయం ముఖ్యం. మొదటి రోజే ఆయన పోట్లాడింది విడాకుల కోసం కాదు, శుక్రవారాల కోసం.

(ఈ మనిషి ఎలాంటివాడో తెలియాలంటే 1934 నాటి మరో సంగతి చాలు. లైసెన్సు లేకుండా మద్యం అమ్ముతున్నారని సాక్షాత్తూ కామన్స్ సభ వంటశాల కమిటీ మీదే కేసు నడిపాడు. సభ హక్కుల పేరుతో కోర్టు జోక్యం చేసుకోలేదు. బారిస్టరుగా పేరు నమోదైనా ఎన్నడూ ప్రాక్టీసు చేయలేదు గానీ, చట్టం ఎక్కడ నవ్వులపాలవుతుందో పట్టుకునే కన్ను ఆయనకుంది.)

డ్రాలో అదృష్టం హెర్బర్ట్‌కు కలిసిరాలేదు. 1936 నవంబరులో కొత్త సమావేశాలు మొదలైనప్పుడు పైస్థానం దక్కింది ఈవ్‌షామ్ కన్జర్వేటివ్ సభ్యుడు రూపర్ట్ డి లా బేర్‌కు. ఆయన ఆ చోటును హెర్బర్ట్ బిల్లుకు ఇచ్చాడు. అందుకే అధికారికంగా బిల్లు ప్రవేశపెట్టింది డి లా బేర్, జనం మాత్రం నేటికీ 'హెర్బర్ట్ చట్టం' అంటారు. ఇందులో పేరుకోసం తగాదా లేకపోవడం చిన్న సంగతి కాదు. డ్రాలో పేరు వచ్చిన సభ్యుడికి సాధారణంగా సొంత బిల్లు ఉండదు, వారం రోజుల్లో ఏదో ఒకటి కావాలి. అచ్చుకు సిద్ధంగా, క్లాజులతో సహా రాసిన బిల్లు చేతిలో ఉన్నవాడికే ఆ అవకాశం దొరుకుతుంది. చాలామంది సంస్కర్తలు ఓడిపోయేది ఇక్కడే. వాళ్ల దగ్గర ఆశయం ఉంటుంది, ముసాయిదా ఉండదు.

ముసాయిదా ఎలా రాశారన్నది ఈ మొత్తం కథలో నాకు అన్నిటికంటే నచ్చే భాగం. విడాకులు పెంచే బిల్లు మొదటి క్లాజే విడాకులకు అడ్డం. పెళ్లైన మొదటి అయిదేళ్లలో ఎవరూ పిటిషన్ వేయకూడదని అందులో పెట్టారు (ప్రభువుల సభ దాన్ని తర్వాత మూడేళ్లకు తగ్గించింది). పిటిషనర్‌కు అసాధారణమైన కష్టం కలిగిందనో, ఎదుటివారిది అసాధారణమైన దుర్మార్గమనో చూపిస్తేనే న్యాయమూర్తి ముందుగా అనుమతి ఇవ్వొచ్చు. పీఠికలోనూ అంతే, వివాహానికి నిజమైన ఆసరా, పిల్లల రక్షణ, అక్రమ సంబంధాల తగ్గింపు, మతగురువుల మనస్సాక్షికి ఊరట, చట్టం మీద గౌరవం తిరిగి నిలపడం, ఇవీ ఉద్దేశాలని రాశారు. విడాకులు పొంది, పాత భాగస్వామి బతికి ఉన్నవాళ్లకు మళ్లీ పెళ్లి చేయమని ఏ చర్చి గురువునూ బలవంతం చేయలేరని మరో క్లాజు. బిషప్పులకు ఇంతకంటే పెద్ద రాయితీ ఎవరూ అడిగి ఉండరు. అడగకముందే ఇచ్చేశారు కాబట్టి బేరమాడడానికి మిగిలింది తక్కువ.

1936 నవంబరు 20, శుక్రవారం రెండో పఠనం. 78కి 12 ఓట్లతో నెగ్గింది. ఈ అంకె చూసి అఖండ విజయం అనుకోవద్దు. 600 పైచిలుకు సభ్యుల్లో 90 మంది ఓటేశారు. వ్యతిరేకులు పట్టుబట్టి నాలుగింటి దాకా మాట్లాడి ఉంటే, ఆ 78 మందితో చర్చ ముగింపు తీర్మానం నెగ్గేది కాదు, ఎందుకంటే వంద కావాలి. మిగతా అయిదొందల మంది ఎక్కడున్నారంటే, ఇంటి దగ్గర. అనుకూలంగా ఓటేస్తే నియోజకవర్గంలో చర్చివాళ్లు నిలదీస్తారు, వ్యతిరేకంగా వేస్తే చదువుకున్నవాళ్లు నవ్వుతారు. రాకపోవడం అన్నిటికంటే క్షేమం. ప్రైవేటు బిల్లులను ఈ గైర్హాజరే బతికిస్తుంది, ఇదే చంపుతుంది కూడా.

ఆ తర్వాత స్థాయీ సంఘం (కొద్దిమంది సభ్యులు క్లాజులు పరిశీలించే చోటు), మళ్లీ సభలో నివేదిక దశ (సంఘం పంపిన బిల్లు మీద సభ సవరణలు చూసే దశ), చివరి ఓటైన మూడో పఠనం. నివేదిక దశే అన్నిటికంటే ప్రమాదం. ఎవరైనా సవరణల జాబితా పెట్టి ఒక్కొక్కదాని మీద అరగంట మాట్లాడితే శుక్రవారం కాస్తా హరించుకుపోతుంది, ఆపైన ఆ సమావేశాల్లో శుక్రవారాలు మిగలవు. ఇక్కడ ప్రభుత్వం చేసిన మేలు ఒకటుంది: బిల్లు మీద అభిప్రాయం చెప్పకుండా తటస్థంగా ఉంటూనే కొంత అదనపు సమయం ఇచ్చింది. తటస్థత అంటే విప్ లేకుండా వదిలేయడం ఒక్కటే అయితే ఈ బిల్లు పోయేది. సమయం ఇచ్చే తటస్థత, ఇవ్వని తటస్థత వేర్వేరు. 1937 మే 28న మూడో పఠనం 190కి 37తో నెగ్గింది. అదే రోజు బాల్డ్విన్ పదవి దిగి నెవిల్ చాంబర్లిన్ ప్రధాని అయ్యాడు. ఇప్పుడు 227 మంది ఓటేయడం గమనించండి. గెలిచేట్టుందని తేలాక ధైర్యం వచ్చినవాళ్లు అందులో చాలామందే ఉండి ఉంటారు.

ప్రభువుల సభలో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ కాస్మో లాంగ్ ఏ పక్షానా ఓటేయలేదు. క్రైస్తవ ప్రమాణాన్ని పౌరులందరి మీదా చట్టంతో రుద్దలేమని, అలాగని తను అనుకూలంగానూ ఓటేయలేనని ఆయన వైఖరి. బయట మదర్స్ యూనియన్ అనే చర్చి మహిళా సంఘం గట్టిగా వ్యతిరేకించింది. జూలై 30న రాజామోదం, 1938 జనవరి 1 నుంచి అమలు.

విడాకులు తీసుకుంటున్న వాలిస్ సింప్సన్‌ను పెళ్లాడాలని రాజు ఎనిమిదో ఎడ్వర్డ్ గద్దె దిగిన గొడవ వల్లే ఈ చట్టం వచ్చిందని తరచూ రాస్తుంటారు. తేదీలు చూస్తే అది నిలవదు. రెండో పఠనం నవంబరు 20న. ఆ గొడవ బ్రిటిష్ పత్రికల్లోకి ఎక్కింది డిసెంబరు మొదటి వారంలో, గద్దె దిగింది 10, 11 తేదీల్లో. విడ్డూరం ఏమిటంటే, సింప్సన్ దంపతుల కేసు 1936 అక్టోబరు 27న ఇప్స్‌విచ్ కోర్టులో తేలింది అచ్చం పాత పద్ధతిలోనే: ఒక హోటల్, ఒక స్త్రీ, హోటల్ సిబ్బంది సాక్ష్యం. బ్రిటన్ అంతటా వర్తించింది అన్నదీ పొరపాటే. ఇది ఇంగ్లండు, వేల్స్‌కు మాత్రమే. స్కాట్లండులో మత సంస్కరణ కాలం నుంచే పరిత్యాగానికి విడాకులు ఉండేవి. అక్కడ కారణాలు పెంచిన చట్టం 1938లో విడిగా వచ్చింది.

చట్టం ఇచ్చిందేమిటంటే, వ్యభిచారంతో పాటు క్రూరత్వం, పిటిషన్‌కు ముందు వరసగా మూడేళ్ల పరిత్యాగం, వరసగా అయిదేళ్లు సంరక్షణలో ఉన్న నయం కాని మతి భ్రమణం. గోరెల్ కమిషన్ చెప్పిన తాగుడు, యావజ్జీవ ఖైదు చట్టంలో లేవు. వివాహం చెల్లదని ప్రకటించే కారణాలూ పెరిగాయి: సంసారానికి బుద్ధిపూర్వకంగా నిరాకరించడం, పెళ్లినాటికే సుఖవ్యాధి ఉండడం, వేరొకరి వల్ల గర్భంతో ఉండడం వగైరా. చనిపోయారని భావించి వివాహం రద్దుచేసే డిక్రీ కూడా వచ్చింది. ఏళ్ల తరబడి జాడలేని భర్తల భార్యలకు అది పెద్ద ఊరట.

ఆచరణలో ఎక్కడ పట్టేసిందో కూడా చెప్పాలి. మతి భ్రమణం క్లాజులో 'సంరక్షణ' అంటే చట్టప్రకారం నిర్బంధంలో ఉంచడం. మొదటి నుంచీ స్వచ్ఛందంగా ఆసుపత్రిలో చేరినవారి కాలం లెక్కకు రాదు. నిర్బంధం ముగిసిన వెంటనే, మధ్యలో విరామం లేకుండా స్వచ్ఛంద రోగిగా కొనసాగితేనే వస్తుంది. 1930 మానసిక చికిత్స చట్టం రోగులను స్వచ్ఛందంగా చేరమని ప్రోత్సహిస్తుంటే, 1937 చట్టం అలా చేరినవారి భాగస్వాములకు తలుపు మూసింది. రెండు సంస్కరణలు ఒకదానికొకటి అడ్డం పడిన చోటు ఇది. అసలు రోగం మాత్రం అలాగే మిగిలింది: కుమ్మక్కయితే విడాకులు నిషిద్ధం, కింగ్స్ ప్రాక్టర్ ఉన్నాడు, ఆరు నెలల నిరీక్షణ ఉంది. పైగా కుమ్మక్కు లేదని వీలైనంతవరకు విచారించి తృప్తి పడాల్సిన బాధ్యతను కోర్టు మీదే పెట్టారు. మూడేళ్లు ఆగలేనివాళ్లకు హోటల్ గదే దిక్కు. ఇద్దరూ ఒప్పుకుని విడిపోవడాన్ని ఇంగ్లండు చట్టం ఒప్పుకున్నది 1969 చట్టంతో, అమలు 1971 నుంచి. ఏడాదికి అయిదు వేల లోపు ఉన్న విడాకులు 1938లో ఆరు వేలు దాటాయి, అంతే. వరద వచ్చిపడుతుందని వ్యతిరేకులు చెప్పినంత జరగలేదు.

హెర్బర్ట్ కుమ్మక్కు నిబంధన జోలికి వెళ్లకపోవడం తప్పని తర్వాతివాళ్లు అన్నారు. 1936 శుక్రవారాల లెక్క తెలిసినవాళ్లు ఆ మాట అనరని నా అభిప్రాయం. ఆ ఒక్క క్లాజు ముట్టుకుని ఉంటే తటస్థంగా ఉన్నవాళ్లు వ్యతిరేకులయ్యేవాళ్లు. 1938లో లేబర్ ఎంపీ ఎలెన్ విల్కిన్సన్ వాయిదాల కొనుగోళ్ల చట్టాన్ని ప్రైవేటు సభ్యురాలిగా నెగ్గించిన తీరూ ఇలాంటిదే. వ్యాపారాన్ని నిషేధించమనలేదు, ధరలో మూడో వంతు కట్టేశాక కోర్టు ఉత్తర్వు లేకుండా సరుకు లాక్కుపోకూడదు అన్నంతవరకే పట్టుబట్టింది.

మన చట్టాలు చదివేవాళ్లకు ఈ చట్టంతో నేరుగా ఒక ముడి ఉంది. మన దగ్గర క్రైస్తవులకు వర్తించే 1869 విడాకుల చట్టం ఇంగ్లండు 1857 చట్టం అచ్చుపోతే. అక్కడ 1923లో, 1937లో వచ్చిన మార్పులు ఇక్కడికి రాలేదు. భర్త వ్యభిచారంతో పాటు మరొకటి కూడా భార్య రుజువు చేయాలన్న తేడా 2001 సవరణ దాకా పుస్తకాల్లో నిలిచింది. 1955 హిందూ వివాహ చట్టం 14వ సెక్షన్ మాత్రం హెర్బర్ట్ మొదటి క్లాజు వారసురాలు. పెళ్లైన మూడేళ్ల వరకు పిటిషన్ వద్దు, అసాధారణ కష్టమో అసాధారణ దుర్మార్గమో ఉంటే అనుమతి అడగొచ్చు, అనుమతి ఇచ్చేటప్పుడు పిల్లల మేలు, రాజీ అవకాశం చూడాలి. మాటలు కూడా దాదాపు అవే. 1976 సవరణతో మూడేళ్లు ఒక ఏడాదికి తగ్గింది. 'అసాధారణ దుర్మార్గం' అంటే ఎంత అన్న వాదన వచ్చినప్పుడు 1949లో ఇంగ్లండు అప్పీలు కోర్టులో న్యాయమూర్తి డెన్నింగ్ ఇచ్చిన వివరణ చూడాలి. మామూలు వ్యభిచారం ఒక్కటే దానికి చాలదని, పెళ్లైన కొద్ది వారాలకే జరిగితేనో, భార్య చెల్లెలితోనో ఇంట్లో పనిమనిషితోనో అయితేనో అక్కడిదాకా వెళ్లొచ్చని ఆయన అన్నాడు. 1976కు ముందు తీర్పు ఏదైనా ఉదహరించే ముందు అందులో లెక్క మూడేళ్లదో ఏడాదిదో చూసుకోండి, గడువు మారింది గానీ అనుమతికి పెట్టిన షరతుల మాటలు మారలేదు.